ఊరి గ్రంథాలయానికి డైరెక్టర్‌ను ఎన్నుకోవడం

అమెరికాలో ఒక ఊరి పౌర గ్రంథాలయానికి డైరెక్టర్ పదవి ఖాళీ అయితే రాజధాని నుంచి బదిలీ ఉత్తర్వు రాదు. సీనియారిటీ జాబితాలో తర్వాతి పేరు ఎవరిదో చూడరు. ఆ ఊళ్లోనే కాపురముండే అయిదుగురో, ఏడుగురో, తొమ్మిదిమందో ఓ సాయంత్రం గ్రంథాలయంలోనే బల్ల చుట్టూ కూర్చుని, తమకు ఎలాంటి మనిషి కావాలో మాట్లాడుకోవడంతో పని మొదలవుతుంది. వీళ్లు ట్రస్టీలు. రిటైరైన టీచరు, లాయరు, దుకాణదారు, పిల్లల్ని బడికి పంపి వచ్చే తల్లి... ఎవరైనా ట్రస్టీ కావచ్చు. సాధారణంగా ఈ పనికి జీతం ఉండదు.

తెలుగు రాష్ట్రాల పద్ధతి వేరు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. దాని చైర్మన్‌ను ప్రభుత్వం నియమిస్తుంది, కార్యదర్శి శాఖ ఉద్యోగి. పైన పౌర గ్రంథాలయ శాఖకు ఒక డైరెక్టర్ ఉంటారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సే ఈ గ్రంథాలయాలకు ఆధారం. పన్ను కట్టేది ఊరివాళ్లే అయినా, గ్రంథాలయాన్ని నడిపే మనిషిని ఎంచుకోవడంలో ఊరికి పాత్ర లేదు. అమెరికా పద్ధతిలో మొదట గమనించాల్సిన తేడా ఇదే.

ఆ తేడాకు మూలం గ్రంథాలయాలు పుట్టిన తీరులో ఉంది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని పీటర్‌బరో అనే చిన్న ఊరు 1833లో పట్టణ సభలో తీర్మానం చేసి, ప్రజల పన్నుతో అందరికీ ఉచితంగా పుస్తకాలిచ్చే గ్రంథాలయం పెట్టుకుంది. 1848లో మసాచుసెట్స్ శాసనసభ బోస్టన్ నగరానికి గ్రంథాలయం పెట్టుకునే అధికారమిచ్చింది. అది 1854లో పాఠకులకు తలుపులు తెరిచింది. తర్వాత ఆండ్రూ కార్నెగీ అమెరికాలో 1,600కు పైగా గ్రంథాలయ భవనాలకు డబ్బిచ్చాడు. స్థలం ఊరే ఇవ్వాలని, ఏటా తానిచ్చిన మొత్తంలో పదోవంతు నిర్వహణకు ఊరే ఖర్చు పెట్టాలని షరతు పెట్టాడు. ఇలా భారమూ అధికారమూ రెండూ ఊరి మీదే నిలిచాయి. ఇప్పుడు ఆ దేశంలో దాదాపు 9 వేల పౌర గ్రంథాలయ వ్యవస్థలున్నాయి. కొన్ని పెద్ద నగరాల్లో, కౌంటీల్లో డైరెక్టర్‌ను మేయరో పరిపాలనాధికారో నియమిస్తారు కాని, ఎక్కువచోట్ల ఆ బాధ్యత ట్రస్టీల మండలిదే. మండలిలోకి వచ్చే దారి కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇల్లినాయ్‌లో గ్రంథాలయం కోసమే ఏర్పడిన ‘గ్రంథాలయ జిల్లా’లకు ఏడుగురు ట్రస్టీలను ఓటర్లే ఎన్నుకుంటారు. చాలా ఊళ్లలో మేయరో నగర మండలో నియమిస్తుంది.

ట్రస్టీలు విధానాలు నిర్ణయిస్తారు, బడ్జెట్ ఆమోదిస్తారు. ఉద్యోగుల్లో మాత్రం వాళ్లు నేరుగా నియమించేది సాధారణంగా ఒక్కరినే, డైరెక్టర్‌ని. పిల్లల విభాగం లైబ్రేరియన్ నుంచి అటెండరు వరకు మిగతా అందరినీ తీసుకునేది, పని చెప్పేది డైరెక్టరే. ఏ పుస్తకాలు కొనాలి, ఆదివారం తెరవాలా వద్దా, పొలాలమధ్య పల్లెకు సంచార గ్రంథాలయం పంపాలా, కంప్యూటర్ నేర్పే తరగతులు పెట్టాలా అన్నవన్నీ ఆ మనిషి బుర్రలోంచి మొదలై మండలి ముందుకొస్తాయి. అందుకే ట్రస్టీల కరదీపికలు డైరెక్టర్ నియామకమే వాళ్ల పనులన్నిటిలోకి ముఖ్యమైనదని చెబుతాయి. మంచి డైరెక్టర్ ఒకే ఊళ్లో పది, పదిహేనేళ్లు ఉండిపోవడం మామూలే. దానివల్ల, ఈ పని చేయాల్సివచ్చిన ట్రస్టీల్లో చాలామందికి అది మొదటిసారీ చివరిసారీ అవుతుంది. అనుభవం లేని చేతులతో అతి ముఖ్యమైన పని చేయాల్సిరావడమే ఈ ఏర్పాటులోని కష్టం. కింద చెప్పబోయే క్రమమంతా ఆ కష్టాన్ని కాచుకోవడానికే పుట్టింది.

డైరెక్టర్ రాజీనామా లేఖ అందగానే మండలి చేయాల్సిన మొదటి పని తాత్కాలిక డైరెక్టర్‌ను నియమించడం. జీతాల చెక్కులపై సంతకం పెట్టేవాళ్లు, మంచు పడినరోజు గ్రంథాలయం మూసేయాలా వద్దా చెప్పేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. సాధారణంగా సహాయ డైరెక్టర్‌కు ఆ బాధ్యత అప్పగిస్తారు, లేదా పొరుగూళ్లో రిటైరైన డైరెక్టర్‌ను కొన్ని నెలలకు పిలుస్తారు. ఆ తాత్కాలికుడే శాశ్వత పదవికి దరఖాస్తు చేసుకోవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. జవాబు ఏదైనా మొదటిరోజే చెప్పేయాలి. చెప్పకపోతే బయటి అభ్యర్థులు, ‘అక్కడ మనిషి ముందే ఖాయమైపోయాడు’ అనుకుని వెనక్కి తగ్గుతారు. తాత్కాలికుడూ ఆరు నెలలపాటు ఏ నిర్ణయమూ తీసుకోలేక నలిగిపోతాడు. బోస్టన్‌లో 2015లో ఇలాంటి సందర్భమే వచ్చింది. డ్యూరర్, రెంబ్రాంట్ వేసిన రెండు విలువైన ముద్రణ చిత్రాలు కనిపించడం లేదని గొడవ రేగి, గ్రంథాలయ అధ్యక్షురాలు (అక్కడ డైరెక్టర్‌ను అలా అంటారు) ఎమీ ర్యాన్ రాజీనామా ప్రకటించారు. ఆ మర్నాడే ఆ రెండూ గ్రంథాలయంలోనే, ఉండాల్సిన చోటికి ఎనభై అడుగుల దూరంలో, వేరే అరలో దొరికాయి. అక్కడే సాంకేతిక విభాగంలో అధికారిగా చేరిన డేవిడ్ లెనర్డ్‌ను తాత్కాలిక అధ్యక్షుడిగా పెట్టారు. దాదాపు ఏడాది తర్వాత 2016లో శాశ్వతంగా ఆయన్నే నియమించారు. ఆ ఏడాదిలో ఆయన పని నగరం కళ్లముందే జరిగింది. ఏ ఇంటర్వ్యూ అయినా అంత సమాచారం ఇవ్వలేదు.

ఆ తర్వాతి దశను చాలా మండళ్లు తొందరలో దాటేస్తాయి, నష్టపోతాయి. మనిషిని వెతికేముందు గ్రంథాలయాన్ని చూసుకోవాలి. ఊరి జనాభా పెరుగుతోందా తగ్గుతోందా, కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లు ఏ భాషలవాళ్లు, పైకప్పు ఇంకెన్నాళ్లు నిలుస్తుంది, వచ్చే అయిదేళ్లలో కొత్త భవనం కోసం ఓటర్ల దగ్గరకు వెళ్లాల్సి ఉందా, సిబ్బందిలో కలతలున్నాయా... ఇవి రాసుకుంటే గాని ఎవరు కావాలో తేలదు. భవనం కట్టించాల్సిన ఊరికి నిధులు కూడగట్టగలిగిన మనిషి కావాలి. పాత డైరెక్టర్‌తో పడక సిబ్బంది చెదిరిపోయిన చోట ఓపికగా వినేవాళ్లు కావాలి. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో దొరకడం అరుదు. మొన్న వెళ్లిపోయినవాళ్ల నకలు కోసం గాని, వాళ్లకు పూర్తి వ్యతిరేకమైనవాళ్ల కోసం గాని వెతికే మండళ్లు సరిగ్గా ఈ దశనే వదిలేసినవి. దీనికోసం పాఠకులతో బహిరంగ సభ పెడతారు, సిబ్బందికి పేర్లు రాయక్కర్లేని ప్రశ్నావళి ఇస్తారు, వెళ్లిపోతున్న డైరెక్టర్‌తో కూర్చుని మాట్లాడతారు. వెళ్లేవాళ్లు వారసుల ఎంపికలో మాత్రం పాల్గొనకూడదన్నది బాగా నిలదొక్కుకున్న సంప్రదాయం.

అప్పుడు ప్రకటన తయారవుతుంది. అందులో ఊరి గురించి, గ్రంథాలయం గురించి నిజాలే రాయాలి. ఉన్న చిక్కుల్ని దాచి మనిషిని తెచ్చుకుంటే, ఆ మనిషి ఏడాది తిరక్కముందే వెళ్లిపోవచ్చు, అప్పుడు అంతా మళ్లీ మొదటికొస్తుంది. జీతం ఎంతో చెప్పడం ఒకప్పుడు ఇష్టాయిష్టాల వ్యవహారం. కొలరాడోలో 2021 నుంచి, న్యూయార్క్ రాష్ట్రంలో 2023 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతాన్ని చూపడం చట్టం. చట్టం లేనిచోట కూడా రాయడమే మంచిది. దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు సంసారం ఎత్తుకుని రావాల్సిన మనిషి జీతం తెలియకుండా దరఖాస్తు పెట్టడు.

అర్హత విషయంలో సాధారణ నియమం గ్రంథాలయ శాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీ. అది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న కోర్సు అయి ఉండాలి. ఆ సంఘం 1876లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. మొదటి గ్రంథాలయ శాస్త్ర పాఠశాలను మెల్విల్ డ్యూయీ 1887లో కొలంబియా కాలేజీలో తెరిచాడు. అక్కడి నుంచే గ్రంథపాలన ఒక చదువుగా నిలబడింది. అయితే మారుమూల పల్లెలు అంత చదివినవాళ్లకు జీతం ఇచ్చుకోలేవు. అందుకే కొన్ని రాష్ట్రాలు జనాభాను బట్టి అర్హతను సడలిస్తాయి. విస్కాన్సిన్‌లో 6 వేలు, అంతకు పైబడిన జనాభాకు సేవలందించే గ్రంథాలయ డైరెక్టర్‌కు మొదటి తరగతి ధ్రువపత్రం ఉండాలి. 3 వేలకు లోపు జనాభా ఉన్నచోట మూడో తరగతి చాలు.

చదువు తప్పనిసరా, లేక సమర్థత ఉంటే చాలా అన్న వాదం ఈ వృత్తిలో నూరేళ్లుగా సాగుతోంది. 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అధిపతిగా కవి ఆర్చిబాల్డ్ మెక్‌లీష్ పేరు ప్రతిపాదించినప్పుడు, ఆయన లైబ్రేరియన్ కాదని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గట్టిగా వ్యతిరేకించింది. ఆయన అయిదేళ్లే ఉన్నా, ఆ సంస్థ పాలనను తిరగరాసి వెళ్లారు. 1981లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, ఇరాన్‌లోని తబ్రీజ్‌లో పుట్టిన ఆర్మీనియన్ చరిత్రకారుడు వార్తాన్ గ్రెగోరియన్‌ను అధ్యక్షుడిగా తెచ్చుకుంది. అప్పుల్లో, దుమ్ములో ఉన్న ఆ సంస్థకు ఆయన డబ్బునూ గౌరవాన్నీ తిరిగి తెచ్చారు. పెద్ద సంస్థల్లో కింద వందలమంది శిక్షణ పొందిన లైబ్రేరియన్లు ఉంటారు కాబట్టి ఇది సాధ్యమైంది. పదిమంది సిబ్బంది ఉన్న ఊరికి ఈ ఉదాహరణ పనికిరాదు. అక్కడ డైరెక్టరే పుస్తకాల జాబితా రాయాలి, డైరెక్టరే కథలు చెప్పే గంటకు పిల్లల ముందు కూర్చోవాలి.

భారతదేశంలోనూ ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు వచ్చాయి. బరోడా మహారాజు మూడో సయాజీరావు గైక్వాడ్ తన రాజ్యమంతా గ్రంథాలయాలు పెట్టదలచి, 1910లో అమెరికాలోని న్యూహేవెన్ నుంచి విలియం బోర్డెన్ అనే అనుభవజ్ఞుడైన లైబ్రేరియన్‌ను పిలిపించి డైరెక్టర్‌ను చేశారు. ఆయన ఉన్నది మూడేళ్లే. ఆ మూడేళ్లలో కేంద్ర గ్రంథాలయాన్ని, పల్లెలకు పెట్టెల్లో పుస్తకాలు పంపే ఏర్పాటును, స్థానికులకు శిక్షణనూ నిలబెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయం అందుకు పూర్తి విరుద్ధమైన దారి పట్టింది. 1924 జనవరిలో ప్రెసిడెన్సీ కళాశాల గణితం మాస్టారు ఎస్.ఆర్. రంగనాథన్‌కు గ్రంథపాలకుడి ఉద్యోగమిచ్చింది. ఆయనకు అప్పటికి ఈ శాస్త్రం తెలియదు. ఆ ఉద్యోగంలోని ఒంటరితనం భరించలేక తిరిగి పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోతానన్న ఆయన్ను లండన్ పంపి చదివించారు. ఆ తర్వాత జరిగింది గ్రంథాలయ చరిత్ర. ఆయన కృషితో వచ్చిన 1948 మద్రాసు చట్టం కిందే ఆంధ్ర జిల్లాల గ్రంథాలయాలు మొదట నడిచాయి. మద్రాసు చేసింది అదృష్టమని చెప్పి వదిలేయడం సరికాదు. తీసుకున్న మనిషికి నేర్చుకునే వెసులుబాటు ఇచ్చింది, అదే అక్కడ పనిచేసింది.

ప్రకటన వెలువడ్డాక దరఖాస్తులు రావడానికి నెలో, నెలన్నరో సమయమిస్తారు. పెద్ద ఊళ్లు ఈ వెతుకులాటను దీనికోసమే ఉన్న సలహా సంస్థలకు అప్పగిస్తాయి. వాటికి దేశమంతటా మనుషులు తెలుసు. ఉద్యోగం వెతుక్కోని సమర్థుణ్ని కూడా పిలిచి అడగగలవు. ఖర్చు మాత్రం ఎక్కువ. చిన్న ఊళ్లకు రాష్ట్ర గ్రంథాలయ శాఖ అధికారులే ఉచితంగా తోడు నిలుస్తారు. మండలి తనలోంచి ముగ్గురు నలుగురితో ఎంపిక సంఘం వేస్తుంది. సిబ్బంది ప్రతినిధిని, గ్రంథాలయానికి తోడ్పడే పౌరుల సంఘమైన మిత్రమండలి సభ్యుణ్ని అందులో చేర్చడమూ ఉంది. వచ్చిన దరఖాస్తులన్నిటినీ ఒకే కొలతతో చూడాలి కాబట్టి, తెరవకముందే ఆ కొలత రాసిపెట్టుకుంటారు. ఎనిమిది, పదిమందితో వీడియోలో మాట్లాడి, చివరకు ఇద్దరినో ముగ్గురినో ఊరికి పిలుస్తారు.

ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక విషయం విచిత్రంగా తోస్తుంది. మన దగ్గర కొత్త మనిషితో పరిచయం ‘మీదే ఊరు, పెళ్లయిందా, పిల్లలెంతమంది’ అన్న ప్రశ్నలతోనే మొదలవుతుంది. అక్కడ ఆ ప్రశ్నలు అడగకూడదు. 1964 నాటి పౌర హక్కుల చట్టం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం ఆధారంగా ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. 1967 నాటి చట్టం నలభై దాటినవాళ్లకు వయసు విషయంలో రక్షణ ఇచ్చింది. భోజనాల దగ్గర ఒక ట్రస్టీ ఆప్యాయంగానే ‘మీవారు ఏం చేస్తారమ్మా’ అన్నా, ఉద్యోగం రాని అభ్యర్థి రేపు అదే మాట పట్టుకుని కోర్టుకెళ్లవచ్చు. అడగాల్సింది జరిగిన పనుల గురించి. బడ్జెట్‌లో కోత పడిన ఏడాది ఏం తగ్గించారు, ఎందుకు? పిల్లల విభాగంలో ఫలానా పుస్తకం తీసేయమని ఒక తండ్రి కోపంగా వచ్చినప్పుడు ఏం చెప్పారు? మీరు పెట్టిన ఏ కార్యక్రమం విఫలమైంది? ‘మీ బలాలేమిటి’ అన్న ప్రశ్నకు ఎవరైనా అందంగా జవాబు చెప్పగలరు. వీటికి ఆ పని చేసినవాళ్లే చెప్పగలరు.

పుస్తకం తీసేయమన్న ప్రశ్న ఇప్పుడు లాంఛనం కాదు. 2021 నుంచి అమెరికా ఊళ్లలో ఈ తగాదాలు బాగా పెరిగాయి. వయోమింగ్ రాష్ట్రం క్యాంప్‌బెల్ కౌంటీలో కౌమారుల విభాగం పుస్తకాల మీద రేగిన వివాదం 2023లో డైరెక్టర్‌ను తొలగించేదాకా వెళ్లింది. అందుకే ఇంటర్వ్యూకొచ్చే అనుభవజ్ఞులు ట్రస్టీలనే ఎదురు ప్రశ్నిస్తారు: పుస్తకాల ఎంపిక విధానం రాతపూర్వకంగా ఉందా, ఒత్తిడి వచ్చిన రోజున మీరు దాని పక్కన నిలబడతారా? ఈ ప్రశ్నకు తడుముకునే మండలికి మంచి మనిషి దక్కడు.

చివరి అభ్యర్థులు ఊళ్లో ఒకరోజు గడుపుతారు. సిబ్బందితో టీ తాగుతారు, పట్టణవాసుల ముందు ప్రసంగిస్తారు, ప్రశ్నలకు జవాబు చెబుతారు. ఇక్కడ రెండు న్యాయాలు ఢీకొంటాయి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ కాబట్టి అభ్యర్థులెవరో తెలుసుకునే హక్కు ప్రజలకుంది. కాని పేరు ముందే బయటికి పొక్కితే, ఆ అభ్యర్థి ఇప్పుడున్న ఊళ్లో చిక్కుల్లో పడతాడు. మొదటి వడపోత వరకు గోప్యంగా ఉంచి, చివరి ఇద్దరు ముగ్గురి పేర్లను వాళ్లకు ముందే చెప్పి ప్రకటించడం చాలాచోట్ల కుదిరిన రాజీ. ట్రస్టీల సమావేశాలు బహిరంగంగా జరగాలన్నది రాష్ట్రాల చట్టం. వ్యక్తుల గుణదోషాలు మాట్లాడుకోవడానికి తలుపులు మూసుకోవచ్చు కాని, చాలా రాష్ట్రాల్లో ఓటు మాత్రం తలుపులు తెరిచాకే వేయాలి.

ఈ జాగ్రత్తలేవీ లేని కాలంలో ఏం జరిగేదో లాస్ ఏంజెలెస్ చరిత్ర చెబుతుంది. అక్కడి గ్రంథాలయానికి 1900 నుంచి మేరీ జోన్స్ సారథి. గ్రంథాలయ పాఠశాలలో చదువుకుని వచ్చిన మనిషి, ఆమె హయాంలో గ్రంథాలయం వృద్ధిలో ఉంది. 1905లో మండలి ఆమెను పిలిచి రాజీనామా చేయమంది. కారణం దాచలేదు. గ్రంథాలయాన్ని ఒక మగవాడు నడపాలన్నదే వాళ్ల కోరిక. వాళ్లు మనసులో పెట్టుకున్నది చార్లెస్ లమ్మిస్‌ను. అతడు పత్రికా రచయిత, ఒహాయో నుంచి లాస్ ఏంజెలెస్‌కు నడిచి వచ్చిన సాహసి. గ్రంథపాలన మాత్రం ఎరగడు. జోన్స్ రాజీనామాకు ఒప్పుకోలేదు. నగరంలోని ఆడవాళ్లు సభలు పెట్టారు, వెయ్యిమంది సంతకాలతో విన్నపం ఇచ్చారు. కాలిఫోర్నియా స్త్రీలకు ఓటుహక్కు రావడానికి ఇంకా ఆరేళ్లు ఉంది. చివరకు, ఆమెను తొలగించే అధికారం మండలికి ఉందని తేల్చారు. ఆ పదవి పోయాక జోన్స్ పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ కళాశాల గ్రంథాలయానికి అధిపతి అయ్యారు. లమ్మిస్ పరిశోధకులకు పనికొచ్చే సేకరణలు పెంచాడు. అలాగే ఖర్చులతో, ఇష్టారాజ్యంతో మండలిని విసిగించి 1910లో వైదొలిగాడు. లమ్మిస్‌లో ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. ఆ మండలి తప్పు, గ్రంథాలయానికి ఏం కావాలో అడగకుండా మనిషిని ముందే నిర్ణయించుకుని ఖాళీని తర్వాత సృష్టించుకోవడం.

మనిషి తేలాక, అతడు ఇచ్చిన పేర్లకే కాక, అతడి అనుమతితో ఇతరులకూ ఫోన్ చేసి విచారిస్తారు. పాత మండలి సభ్యులు, తోటి డైరెక్టర్లు, కింద పనిచేసినవాళ్లు చెప్పే మాటలు మూడూ కలిపి చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది. ఆపైన జీతం, సెలవులు, ఆరోగ్య బీమా, ఇల్లు మార్చుకునే ఖర్చు, తొలగించాల్సివస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి కాగితం మీద పెడతారు. రెండో అభ్యర్థికి ‘మీరు ఎంపిక కాలేదు’ అన్న కబురు, మొదటి అభ్యర్థి సంతకం పడ్డాకే పంపుతారు. బేరం తెగిపోయి మొదటివాళ్లు రాకపోవడం ఉంటుంది. ఎవరూ తగినవాళ్లు కాదనిపిస్తే మళ్లీ ప్రకటన ఇవ్వడమే మేలు. ఇంత దూరం వచ్చాం కదా అని ఎవరో ఒకరిని తీసుకోవడం కంటే, తాత్కాలిక డైరెక్టర్‌తో ఇంకో ఆరు నెలలు నెట్టుకురావడం ఊరికి తక్కువ నష్టం.

రాజీనామా అందిన రోజు నుంచి కొత్త మనిషి బాధ్యతలు తీసుకునేదాకా నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలు. చేరాక మొదటి ఆరు నెలలో, ఏడాదో పరీక్షా కాలం. ట్రస్టీల అధ్యక్షుడు కొత్త డైరెక్టర్‌ను మేయరుకు, బడి ప్రధానోపాధ్యాయులకు, గ్రంథాలయ మిత్రమండలికి పరిచయం చేస్తాడు. మొదటి నెలల్లో ఏమేం సాధించాలో ఇద్దరూ కూర్చుని రాసుకుంటారు. ఏడాది చివర మదింపు ఆ కాగితం ప్రకారమే జరుగుతుంది. ట్రస్టీలు అప్పటికి రోజువారీ పనుల నుంచి చేతులు వెనక్కి తీసుకోవాలి. నెలల తరబడి తాత్కాలిక డైరెక్టర్‌తో కలిసి ఆ పనులు చూసుకున్న అలవాటు ఒక్కసారిగా పోదు, ఫలానా అరను ఇటు జరపమని చెప్పబోయి ఆగిపోవాల్సి వస్తుంది. డైరెక్టర్ నెలకోసారి మండలికి నివేదిక ఇస్తాడు, ఆ సమావేశానికి ఊళ్లో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.